డాక్టరమ్మకు ఉత్తరం: మందు మీద మాత్ర

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇంట్లోంచి వచ్చినట్టున్నాయి. సాయంత్రం సీసా, నొప్పికి ఒక మాత్ర, నిద్రకు ఇంకొకటి. అందుకని షుగరు, థైరాయిడ్ ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: మాది రాజోలు వైపు లంక గ్రామం. మా ఆయనకు 46 ఏళ్ళు. కొబ్బరికాయలు వలిచే పని. నడుము నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్యాప్సూల్ రెండేళ్ళుగా వాడుతున్నారు. సాయంత్రం క్వార్టర్ మందు అలవాటు. నిద్ర పట్టడం లేదని ఈ మధ్య ఒక చిన్న మాత్ర కూడా మొదలుపెట్టారు. పోయిన వారం దగ్గుకు సిరప్ తాగారు. ఆ రాత్రి గురక వీధిలోకి వినిపించింది. మధ్యలో ఆగిపోయేది, మళ్ళీ ఒక్కసారిగా వచ్చేది. ఎంత తట్టినా లేవలేదు. పెదవులు నల్లబడ్డాయి. అత్తగారు “పనిచేసి అలసిపోయాడు, పడుకోనివ్వమ్మా” అన్నారు. తెల్లవారాక లేచి మామూలుగానే ఉన్నారు. “ఇన్నేళ్ళుగా వాడుతున్నాను, నా లెక్క నాకు తెలియదా” అంటున్నారు. నేను భయపడాలా? — ఒక ఇల్లాలు

జవాబు: భయపడాలమ్మా. ఆ రాత్రి మీ ఆయనది అలసట నిద్ర కాదు. ఊపిరి ఆగిపోయేదాకా వెళ్ళి, అదృష్టం కొద్దీ వెనక్కి వచ్చారు. ఒకసారి ఇలా వెళ్ళి వచ్చినవారికి మళ్ళీ అలా జరిగే అవకాశం మిగతావారికంటే చాలా ఎక్కువ. కాబట్టి “గండం గడిచింది” అనుకోవద్దు.

ఆయన చెప్పిన లెక్క గురించే ముందు మాట్లాడతాను. ఆయన అబద్ధం చెప్పడం లేదు. క్వార్టర్ ఆయనకు అలవాటే, క్యాప్సూలూ అలవాటే. విడివిడిగా చూస్తే ఏదీ హద్దు దాటలేదు. ప్రమాదం ఉన్నదే అక్కడ. మన కాలువ మీద ఒక షట్టర్ సగం దించితే శివారు పొలానికి నీరు తగ్గుతుందే గానీ ఆగదు. అదే కాలువ మీద వరసగా మూడు నాలుగు చోట్ల సగం సగం దించుకుంటూ వస్తే శివారుకు చుక్క కూడా చేరదు. ఊపిరి సంగతీ అంతే. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే “గాలి పీల్చు” అని ఆజ్ఞ ఇచ్చే కేంద్రం మెదడు అడుగు భాగంలో ఉంటుంది. ట్రమడాల్ వంటి నొప్పిమందు, దగ్గు సిరప్‌లోని కోడీన్ ఆ కేంద్రాన్ని ఒక దారిలో మందగింపజేస్తాయి. సారా, అల్ప్రజోలం, డైజిపాం, నైట్రజిపాం మరో దారిలో మందగింపజేస్తాయి. నరాల నొప్పికి రాసే ప్రిగాబలిన్, జలుబు మాత్రల్లో మత్తు తెచ్చే భాగం కూడా వాటికి తోడవుతాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ట్రమడాల్, కోడీన్ వంటి నల్లమందు జాతి మందులను, అల్ప్రజోలం, డైజిపాం వంటి నిద్రమాత్రల జాతిని కలిపి వాడితే ప్రాణాపాయమని ఆ మందుల మీద అన్నిటికంటే గట్టి హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. మన దగ్గర ఆ రెండూ ఒకే కాగితం పొట్లంలో ఇంటికి వస్తున్నాయి.

ఇంకో సంగతి. ఏళ్ళ తరబడి వాడినవారికి మత్తు ఎక్కడం తగ్గుతుంది. ఊపిరి మందగించడం మాత్రం అంతే వేగంగా తగ్గదు. “నాకు ఎక్కడం లేదు” అని మనిషి ఇంకొకటి వేసుకుంటాడు. లోపల ఊపిరికి మాత్రం రెండూ లెక్కే.

మీ ఆయన బీడీ కాలుస్తారా? మీరు రాయలేదు. పొగతో పాడైన ఊపిరితిత్తులకు, జలుబు చేసి కఫం పట్టిన రోజున, తట్టుకునే శక్తి తక్కువ. తాగుడుతో కాలేయం దెబ్బతిన్నవారిలో మాత్రలు ఒంట్లోంచి త్వరగా బయటికి పోవు. నిన్నటి మాత్ర మీద ఇవాళ్టి మాత్ర పేరుకుంటుంది. డైజిపాం మామూలు మనిషిలోనే రోజుల తరబడి నిలిచి ఉంటుంది. మెడ లావుగా ఉండి, ఏమీ తాగని రోజున కూడా గురక పెట్టేవారికి ముప్పు మరీ ఎక్కువ. ట్రమడాల్‌కు ఒక ప్రత్యేకత కూడా ఉంది. మోతాదు పెరిగితే ఫిట్స్ తెప్పిస్తుంది. దిగులుకు వాడే కొన్ని మందులతో కలిస్తే జ్వరం, వణుకు, అయోమయం తెచ్చి ప్రాణం మీదికి తెస్తుంది. కొన్ని కంపెనీల మాత్రల్లో ట్రమడాల్‌తో పాటు పారాసిటమాల్ కూడా ఉంటుంది. నొప్పి తగ్గలేదని వాటిని పెంచుకుంటూ పోయే తాగుబోతు కాలేయం రెండు వైపుల నుంచి కాలిపోతుంది.

నా దగ్గరికి వచ్చేవారిని ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఒక కవరులో వేసుకుని రమ్మంటాను. మొన్న ఒకామె తెచ్చిన కవరు బల్ల మీద బోర్లించాను. అందులో నిండు స్ట్రిప్పు ఒక్కటీ లేదు. అన్నీ కత్తెరతో కోసిన ముక్కలే. రెండేసి, మూడేసి మాత్రలు. ఒక ముక్క మీద పేరులో చివరి రెండక్షరాలు మిగిలాయి, ఇంకో దాని మీద ధర మాత్రమే ఉంది. గడువు తేదీ ఉన్న అంచు షాపులోనే ఉండిపోయింది. తాను ఏం మింగుతున్నదీ ఆమె భర్తకు నిజంగానే తెలియదు. రంగును బట్టి “తెల్లది”, “నిద్రది” అని పిలుచుకుంటున్నాడు. మీ ఆయన మాత్రలు కూడా అలాగే కవరులో వేసుకుని దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. దాచకుండా అన్నీ బల్ల మీద పెట్టండి.

అన్నీ ఒక్కరోజున మాన్పించే ప్రయత్నం మాత్రం చేయవద్దు. రోజూ తాగే మనిషి, రోజూ నిద్రమాత్ర వేసుకునే మనిషి ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి చలించవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఏది ముందు, ఎంత మెల్లగా అనేది డాక్టరు చూసి చెప్పాలి. ఆసుపత్రికి వెళ్ళేలోగా మీ చేతిలో ఉన్నది ఒకటే. తాగిన రాత్రి కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర గానీ, దగ్గు సిరప్ గానీ వాటి మీద పడకుండా చూడండి.

మళ్ళీ అలాంటి గురక వస్తే తెల్లవారేదాకా ఆగకండి. పేరు పెట్టి గట్టిగా పిలవండి. పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్దండి. అయినా కళ్ళు తెరవకపోతే అది నిద్ర కాదు. పొట్ట మీద చేయి పెట్టి ఫోనులో గడియారం చూస్తూ ఒక నిమిషంలో ఎన్నిసార్లు పైకి లేస్తుందో లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకు మామూలుగా 12 నుంచి 20 సార్లు ఉంటుంది. పదికి లోపు ఉంటే, లేదా మధ్యలో ఆగి ఆగి వస్తుంటే, వెంటనే 108కి ఫోను చేయండి. లేపితే లేవకపోయినా, పెదవులు, గోళ్ళు నీలంగా మారినా లెక్కపెట్టడానికి కూడా ఆగకుండా ఫోను చేయండి. మనలాంటి చామనఛాయ మనుషుల్లో నీలం చర్మం మీద తేలికగా కనిపించదు. పెదవి లోపలివైపు, చిగుళ్ళు చూడాలి.

మీది లంక అన్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. రోడ్డు మీదున్న ఊరికి అంబులెన్సు వచ్చినంత తేలికగా మీకు రాదు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు లేని వేళ నరసాపురం వెళ్ళాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. వరద రోజుల్లో అదీ కష్టమే. ఊపిరి అందని మెదడు కొద్ది నిమిషాల్లోనే దెబ్బతింటుంది. ఎవరి పడవ, ఎవరి ఆటో, రాత్రి ఎవరు లేస్తారు అనేది ఇవాళే మాట్లాడి పెట్టుకోండి. ఎంత వేసుకున్నాడన్నదానితో సమానంగా, సాయం ఎంత దూరంలో ఉందన్నది కూడా ప్రాణాన్ని తేలుస్తుంది.

ప్రశ్న: మాది భీమవరం. మా అబ్బాయికి 22 ఏళ్ళు. కాలేజీలో స్నేహితులతో నొప్పిమాత్రలు, నిద్రమాత్రలు, మందు కలిపి వాడేవాడు. మూడు నెలలు నగరంలో ఒక కేంద్రంలో ఉంచాం. ఇప్పుడు ఒళ్ళు చేసి, చక్కగా మాట్లాడుతున్నాడు. సంక్రాంతికి ఇంటికి తెస్తున్నాం. దేవుడి దగ్గర ఒట్టు కూడా వేయించుకుందామని ఉంది. ఇక బాగుపడినట్టేనా? — ఒక తల్లి

జవాబు: వాడి ముఖంలో తేట చూసి మీకు ఎంత సంతోషంగా ఉందో ఊహించగలను. ఆ సంతోషాన్ని కాపాడుకోవాలనే ఈ కటువైన మాట చెబుతున్నాను. మత్తు మానిపించే కేంద్రం నుంచి బయటికి వచ్చిన మొదటి కొన్ని వారాలే అన్నిటికంటే ప్రమాదకరమైనవి.

మూడు నెలల్లో శరీరం అలవాటును మరిచిపోతుంది. మనసు మాత్రం పాత మోతాదును గుర్తుపెట్టుకుంటుంది. వాడికి ఒకనాడు సరిపోయిన నాలుగు మాత్రలు ఇవాళ వాడి ఊపిరిని ఆపగలవు. జైలు నుంచి వచ్చినవారికి, చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చినవారికి ఇదే ముప్పు. మద్యం నిషేధం ఉన్న కువైట్‌లో రెండేళ్ళు పనిచేసి కోనసీమలో దిగిన మనిషికీ ఇదే. మన ప్రాంతంలో ఇంకొకటి చూస్తాను. దీక్ష పట్టి 41 రోజులు చుక్క ముట్టకుండా ఎంతో నిష్ఠగా ఉంటారు. ఆ నిష్ఠ మీద నాకు గౌరవం. మాల తీసిన రోజున స్నేహితులు పాత లెక్క ప్రకారమే పోస్తారు. శబరిమల నుంచి చాలామంది వచ్చేది సంక్రాంతి రోజుల్లోనే కదా. కోడిపందేల బరి దగ్గర, బంధువుల మధ్య, “ఈ ఒక్కరోజే” అనే మాట ఎంత సులువుగా వస్తుందో మీకు తెలుసు.

ఒట్టు విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. వేయించకండి. ఒట్టు తప్పిన పిల్లవాడు మీకు చెప్పడు. గది గడియ పెట్టుకుని ఒంటరిగా వాడతాడు. ఒంటరిగా వాడేవాడికి ఊపిరి మందగిస్తే చూసేవారుండరు. ప్రాణం పోయిన వారిలో చాలామంది విషయంలో పక్క గదిలోనే ఇంటివాళ్ళు ఉంటారు, తలుపు మాత్రం మూసి ఉంటుంది. దానికి బదులు ఇలా చెప్పండి: “నువ్వు మళ్ళీ వాడకూడదనే నా కోరిక. ఒకవేళ వాడితే, నన్ను పిలువు. ఆ రాత్రి నేను తిట్టను.” చెప్పాక నిజంగానే తిట్టకండి. బాత్రూముకు లోపలి గడియ కొంతకాలం తీసేయించండి. స్నానానికి వెళ్ళి చాలాసేపు చప్పుడు లేకపోతే తలుపు తట్టండి. ఇంట్లో నాన్నమ్మ నిద్రమాత్రలు, నొప్పిమాత్రలు ఉంటే తాళం వేయండి.

వాడు నల్లమందు జాతి మాత్రలకు అలవాటు పడినవాడైతే, బుప్రెనార్ఫిన్ అనే మందుతో డాక్టరు పర్యవేక్షణలో దీర్ఘకాలం చికిత్స చేయవచ్చు. అది ప్రాణాలు నిలబెడుతుందని గట్టి ఆధారాలున్నాయి. “ఒక మత్తు మాని ఇంకో మత్తా” అని బంధువులు అంటారు. పట్టించుకోవద్దు. ఆ చికిత్సలో ఉన్నంతకాలం మద్యం, నిద్రమాత్రలు దాని మీద పడకూడదు, అంతే. నాల్ట్రెక్సోన్ అనే మరో మందు ఇస్తే, అది ఆపేసిన తర్వాత వాడి శరీరం పాత మోతాదును అసలు తట్టుకోలేదని వాడికి తెలిసి ఉండాలి.

చివరిగా ఒక ప్రశ్న మీరే వాడిని అడగాలి, మెలికలు తిప్పకుండా: “చచ్చిపోవాలనిపిస్తోందా?” అడిగితే ఆ ఆలోచన పుట్టదు. పుట్టి ఉంటే బయటికి వస్తుంది. పరీక్షలు పోయాయనో, స్నేహితులంతా ఉద్యోగాల్లో చేరారనో లోపల కుంగుతున్న పిల్లల్లో పొరపాటున మోతాదు మించడానికి, కావాలని మించడానికి మధ్య గీత చాలా పలచన. వాడు అవునంటే ఆ రాత్రి వాడిని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా బావగారి తాగుడు మానిపించడానికి ఒకరు మాత్రలు ఇచ్చారు. తెలియకుండా కూరలో కలపమన్నారు. అక్కయ్య కలుపుతోంది. పరవాలేదా? — తణుకు నుంచి ఒక చెల్లెలు

జవాబు: ఈ ఉత్తరం చదివిన రోజే ఆపించమ్మా. అది చాలావరకు డైసల్ఫిరాం అయి ఉంటుంది. 1948 నుంచి వాడుకలో ఉన్న మంచి మందు, తెలిసి వేసుకునేవారికి. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారికి ప్రాణాపాయం. మానేశాక కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉంటుంది. పైగా డైజిపాం వంటి నిద్రమాత్రలు ఒంట్లోంచి పోకుండా ఇది ఆలస్యం చేస్తుంది. మీ బావగారు అవి కూడా వాడుతుంటే మత్తు రెట్టింపవుతుంది. ఆయనకు విషయం చెప్పండి, కోపం వచ్చినా సరే. ఈ రెండు వారాలు తాగవద్దని చెప్పండి. రోజూ తాగే మనిషైతే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే కాబట్టి ఆయన్ను ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రిలో చూపించండి. ఇచ్చిన మాత్రలు కూడా వెంట తీసుకెళ్ళండి.

ప్రశ్న: మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా పని. మేం నలుగురం. గంజాయి కాల్చి, మందు తాగి, ఒకడు పైన నిద్రమాత్రలు వేసుకున్నాడు. పడిపోయాడు. పోలీసులకు తెలుస్తుందని 108కి చేయలేదు. చింతపండు నీళ్ళు, మజ్జిగ పోశాం, నీళ్ళు చల్లాం. తెల్లారి బతికాడు. ఏం చేసి ఉండాల్సింది? గంజాయితో ఎవరూ చావరంటారు, నిజమేనా? — పేరు వద్దు

జవాబు: తమ్ముడూ, రాసినందుకు నీకు దండం. ఈ ఉత్తరం ఇంకొకడిని బతికిస్తుంది.

గంజాయి ఒక్కటే ఊపిరిని ఆపడం చాలా అరుదు. కానీ అది వాంతిని అణచిపెడుతుంది. ఎక్కువ తాగినప్పుడు కక్కుకోవడం శరీరం చేసుకునే రక్షణ. అది పోతుంది. ఇంకా ఎంత ఒంట్లోకి వెళ్ళిందన్న స్పృహ పోతుంది. శక్తి పానీయాలు మందులో కలుపుకునేవారిదీ ఇదే ఇబ్బంది. మెలకువగా ఉన్నామనుకుంటారు, లోపల మద్యం పని మద్యం చేస్తూనే ఉంటుంది. మీరున్నది చెరువు గట్టు మీద. చుట్టూ నీళ్ళు, ఏరియేటర్ల కరెంటు తీగలు. ఊపిరి సంగతి అలా ఉంచు, తూలి చెరువులో పడినవాడు లేవడు.

పోసిన చింతపండు నీళ్ళు, మజ్జిగ స్పృహలేని మనిషి పొట్టలోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీ స్నేహితుడు బతికింది వాటివల్ల కాదు, వాటిని దాటుకుని బతికాడు. ఇకమీదట నోట్లో ఏమీ పోయవద్దు, కక్కించవద్దు, నడిపించవద్దు. ముందు 108. ఊపిరి ఆడుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై కాలు మడిచి, తల కొంచెం వెనక్కి వంచు. నాలుక వెనక్కి జారదు, వాంతి అయినా బయటికే పోతుంది. ఊపిరి ఆగిపోతే వెల్లకిలా తిప్పి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో గాలి ఊదు, ఛాతీ లేచేటట్టు, ఐదారు సెకన్లకు ఒకసారి. నాడి కూడా తెలియకపోతే రొమ్ము మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండు. ఎలా చేయాలో 108లో ఫోను మీదే చెబుతారు. మిగిలిన స్ట్రిప్పు ముక్కలు జేబులో వేసుకుని అంబులెన్సు వాళ్ళకు ఇవ్వు. నల్లమందు జాతికి నాలోక్సోన్ అనే విరుగుడు ఇంజక్షన్ ఆసుపత్రిలో ఉంటుంది. అది మద్యానికి, నిద్రమాత్రలకు పనిచేయదు. అందుకే ఏం వేసుకున్నాడో నిజం చెప్పాలి. ఆ ఇంజక్షన్ పనిచేసేది అరగంట నుంచి గంటన్నర వరకే. లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి తెచ్చేస్తే దారిలోనే మళ్ళీ పడిపోవచ్చు.

పోలీసుల సంగతి. ఆసుపత్రివాళ్ళు పోలీసులకు తెలియజేయవచ్చు, నేను దాచను. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడుకకు మాత్రమే, కొద్ది పరిమాణంతో పట్టుబడిన బానిస తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వచ్చి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఎవరైనా చచ్చిపోవాలని మింగి ఉంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ఆ మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలంటుంది, శిక్షించమనదు. కేసుకు లాయరు ఉంటాడు. ఆగిపోయిన ఊపిరికి ఎవరూ ఉండరు. చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలియాలంటే 14446కు ఫోను చేయి, అది కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ కేంద్రం.

ఒకసారి అలా పడిపోయిన ఆ స్నేహితుడిని ఈ వారమే డాక్టరుకు చూపించు. నువ్వు వెంట వెళ్ళు.

ప్రశ్న: అమలాపురంలో మందుల షాపు నడుపుతున్నాను. పాత చీటీతో వచ్చి నిద్రమాత్రలు అడుగుతారు. ఇవ్వకపోతే పక్క షాపుకు పోతారు. ఏం చేయమంటారు? — ఒక ఫార్మసిస్టు

జవాబు: ఇవ్వకండి సార్. అల్ప్రజోలం, డైజిపాం, నైట్రజిపాం, ట్రమడాల్, కోడీన్ అన్నీ 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు అనే మందుల జాబితాలోనివి. చీటీ ఉండాలి, రోగి పేరు, డాక్టరు పేరు విడి రిజిస్టరులో రాయాలి, దాన్ని మూడేళ్ళు దాచాలి. ఇది మీకు నాకంటే బాగా తెలుసు. నేను అడిగేది చట్టం కోరేదానికి మించి ఒకటి. చీటీ మీద నొప్పిమందు, నిద్రమందు రెండూ ఉంటే, అవి ఇద్దరు వేరు వేరు డాక్టర్లు రాసినవైతే, అమ్మే ముందు ఆ డాక్టర్లలో ఒకరికి ఫోను చేయండి. చాలాసార్లు రెండో మందు సంగతి మొదటివారికి తెలియదు. స్ట్రిప్పు కోయాల్సి వస్తే పేరు, గడువు తేదీ ఉన్న వైపు కొన్నవారికే ఇవ్వండి. “రాత్రి మందు తాగుతారా?” అని అడిగి, అవునంటే ఆ మాత్ర ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి పంపండి. రోజూ వేసుకునే మనిషికి మాత్రం మాత్ర ఆగడమూ ప్రమాదమే కాబట్టి, “వాయిదా వేయకండి, ఇవాళే వెళ్ళండి” అని గట్టిగా చెప్పండి. పక్క షాపుకు పోతారన్నారు. అమలాపురంలో షాపులవారంతా ఒకరికొకరు తెలిసినవారే కదా, ఒక సాయంత్రం కూర్చుని మాట్లాడుకోండి. పిలిస్తే నేనూ వస్తాను.